నీ మైకు, నా కాగితం

నరసరావుపేట,
శనివారం.

చెల్లెలు నీరజకు,

నువ్వు దొంగవి. ముందు ఆ మాట రాసి పెడుతున్నాను, మర్యాదలు తర్వాత. ముప్పై ఏళ్లు ఊరూరా సభలు తిరిగి, గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడి నేను సంపాదించుకోవాల్సిన జనాన్ని, నువ్వు ఒక్క ఏడాదిలో ఎద్దుల వెనక నిలబడి ఎత్తుకుపోయావు. పైగా ఎత్తుకుపోయినట్టు నీకు తెలియను కూడా తెలియదు. అదే నాకు ఇంకా మంట.

ఇక మర్యాదలు. ఇక్కడ నేను, మీ బావ, దీప్తి తిని తిరుగుతూనే ఉన్నాం. మీరిద్దరూ అక్కడ కులాసా అని తలుస్తాను అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. కులాసాగా లేరని నీ ఉత్తరంలోనే ఉంది కదా. నరసరావుపేట ఎద్దుల పందేల్లో కామెంటరీ నీకు ఇచ్చి, మళ్లీ లాగేసుకున్నారు. "మీ ఇంట్లోవాళ్లే వద్దన్నారమ్మా" అని కమిటీవాళ్లు చెప్పారు. అది మీ ఆయన మస్తాన్‌రావు పనేనని పదకొండు రోజులుగా అతనితో మాట మానేశావు. అన్నం కంచంలో పెట్టి లోపలికి వెళ్లిపోతున్నావు. ఇక జన్మలో మైకు ముట్టనని రాశావు. ఆ సంగతికే వస్తాను. వచ్చేలోపు నువ్వడిగినవాటికి జవాబు చెప్పనివ్వు. నాకు కొంచెం ధైర్యం కూడగట్టుకునే వ్యవధి కావాలి.

ఫోన్ చేస్తే మస్తాన్‌రావు చెవిన పడుతుందని నువ్వు కాగితం మీద రాసి, మైకు సెట్టు రియాజ్ చేతికిచ్చి పంపావు. నేనూ అతనికే ఇస్తున్నాను. రేపు పొద్దున సామానేసుకుని మీ వెల్దుర్తి వస్తున్నాడట.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లెక్కేటప్పుడు తప్ప బాగానే ఉంది. దీప్తి చివరి ఏడాది పరీక్షలకు చదువుతోందా అని అడిగావు. నీ వీడియోలు చూసే మధ్యలో చదువుతోంది. దాని ఫోన్ మోగితే వచ్చేది నీ గొంతే: "ఒరేయ్ మాచర్ల మామా, ఎద్దు రెడీగా ఉంది, నువ్వేంది ఇంకా పంచె సర్దుకుంటున్నావ్!" నా కూతురికి నేను ఫోన్ చేస్తే నీ గొంతు మోగడమేమిటి? తీసెయ్యమంటే "ఏంటమ్మా, పిన్ని మీద కుళ్లా?" అని నవ్వింది. కాదని గట్టిగా అన్నాను. అంత గట్టిగా అనాల్సిన అవసరం లేదు.

పోయిన నెల పత్రికలో వచ్చిన నా వ్యాసం సంగతి. అది చదివావా అని నేనడిగితే "మొదటి పేజీ చదివా అక్కా, మాటలు చానా పెద్దయి" అని రాశావు. నాలుగు వారాలు కూర్చుని రాసిన వ్యాసం నీరజా అది. నువ్వు నాలుగు వారాలు కూర్చుని ఏ పనీ చేయలేదు. నీకు అన్నీ నిలబడ్డ చోటే వస్తాయి.

పోయిన ఏడాది మీ ఊరి పందేల్లో ఏమైందో నాకు రియాజ్ చెప్పాడు. కామెంటరీ చెప్పే ఆయన సోడా తాగొస్తానని వెళ్లి ఎంతకీ రాలేదు. నువ్వు తాడు పక్కన నిలబడి, ఎద్దును బాదుతున్న ఒకడిని నోటికొచ్చినట్టు తిడుతున్నావు. రియాజ్ మైకు తీసుకొచ్చి నీ చేతిలో పెట్టి, "అక్కా, ఆ అరిచేదేదో ఇందులో అరువు, నా సెట్టుకైనా పని దొరుకుద్ది" అన్నాడు. నువ్వు అరిచావు. అంతే. ఎవరినీ అడగలేదు, సిద్ధం కాలేదు, భయపడలేదు. అప్పటి నుంచి ఇప్పటికి ఎనిమిది ఊళ్ల పందేలు. మా కాలేజీ వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ నన్ను ముఖ్య అతిథికి పరిచయం చేస్తూ, "మా తెలుగు మేడం, మహిళా వేదిక కార్యదర్శి" అన్నాడు. అతిథి ముఖంలో ఏ కదలికా లేదు. "ఎద్దుల పందేల నీరజ గారి అక్కగారు" అనగానే కుర్చీలోంచి లేచి దండం పెట్టాడు. ఆ దండం నాకు ఇవాళ్టికీ అరగలేదు.

నీకు తెలియని సంగతొకటి. గురజాల పందేలకు నేను వచ్చాను. నెత్తిన కొంగు కప్పుకుని, మిరపకాయల కోతకు వచ్చిన ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. పిడుగురాళ్ల జత బండ లాగుతోంది. నువ్వు మైకులో అంటున్నావు:

"చూడండి బాబాయ్, ఎడమపక్కది కాపురం మొత్తం ఈడ్చుకొస్తుంది, కుడిపక్కది పెళ్లివారింటికొచ్చినట్టు నడుస్తుంది! మా ఇళ్లల్లో మాకు కొత్తేం కాదులే! ఒరేయ్ తమ్ముడూ, కొట్టమాక! చెర్నాకోల కిందెయ్యి! పక్కకొచ్చి చెవిలో ఒక మాట చెప్పు. నీ మాట ఇనకపోతే నా మాట ఇనుద్ది!"

వాడు కొరడా కింద పారేశాడు. నాలుగు వేల మంది నవ్వారు. నా పక్కనున్న ఆవిడ నవ్వలేక కళ్లు తుడుచుకుంటూ "మా ఆయన కుడిపక్క ఎద్దేనమ్మా" అని నా తొడ మీద చరిచింది. నేను ఇంట్లో ఆడదాని చాకిరీ మీద పదకొండు పేజీలు రాసి, ఆ పందేలకు వారం ముందే సత్తెనపల్లి సభలో చదివాను. డెబ్బై కుర్చీలు వేశారు. నలభై మంది వచ్చారు. అందులో సగం మంది టిఫిన్ కోసం వచ్చారు. ఎవరూ ఎవరి తొడ మీదా చరచలేదు. నా పదకొండు పేజీలను నువ్వు ఎద్దుల మీద పెట్టి ఒక్క ఊపిరిలో చెప్పేశావు.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ ఒక వాదం తయారు చేసుకున్నాను. ఎద్దుల పందెమంటే పెద్ద రైతుల పరువు ప్రదర్శన, నోరులేని జంతువు మీద హింస, అక్కడ ఆడమనిషిని మైకు ముందు నిలబెట్టడం జనాన్ని పోగేసే ఎర. ఈ వాదంలో ఒక్క ముక్క కూడా తప్పు కాదని ఇప్పటికీ అంటాను, ఎవరితోనైనా వాదిస్తాను. కానీ ఈ పందేలు నేను పుట్టకముందు నుంచీ జరుగుతున్నాయి. ఇన్నేళ్లూ వాటి మీద నాకు ఒక్క వాక్యం రాయాలని పుట్టలేదు. నీకు జనం నవ్విన సాయంత్రమే ఎందుకు పుట్టింది? సిద్ధాంతాన్ని కడుపుమంట మీద వండి వడ్డించేవాళ్లను నేను సభల్లో ఎందరినో ఉతికి ఆరేశాను. అదే పొయ్యి నా ఇంట్లోనూ ఉంది.

ఇక నీ ఉత్తరం రెండో పేజీలో, కింద, మార్జిన్‌లో ఇరికించి రాసిన మాట. నువ్వు దాన్ని పెద్ద మాట అనుకోలేదు. నేను దాని దగ్గరే ఆగిపోయాను. నీ అక్షరాలే మళ్లీ రాస్తున్నాను: "మైకంటే నాకు ఆశ పుట్టిందే నీ వల్ల అక్కా. మాచర్ల బళ్లో నువ్వు బర్రె గురించి చెప్పిన రోజు నవ్వి నవ్వి అమ్మ ఒళ్లో పడ్డా. అప్పుడే అనుకున్నా, మాట్లాడితే ఇట్టా మాట్లాడాలని. తర్వాత నువ్వట్టా ఎందుకు మాట్లాడలా?"

నీకప్పుడు ఎనిమిదేళ్లు, నాకు పదిహేను. వక్తృత్వ పోటీ. అందరూ మాస్టార్లు రాసిచ్చింది బట్టీపట్టి వచ్చారు. నాకు ఎవరూ రాసివ్వలేదు. వేదికెక్కి నోటికొచ్చింది చెప్పాను: "మా బర్రె పొద్దున పోతే సాయంత్రం వస్తది. ఎక్కడికి పోయినావే అని దాన్ని ఒక్కరూ అడగరు. నేను కొట్టుకాడికి పోయి ఉప్పు తేవాలంటే ముగ్గురిని అడగాల. ఏంది, బర్రె కంటే నేను చానా పాలిస్తాననా నన్ను కట్టేసుకుంది?" హాలంతా గొల్లుమంది. నువ్వూ నవ్వావు. అమ్మా నవ్వింది. నా భాష చూసి నవ్వారనుకున్నాను. ఆ "ఏంది", ఆ "చానా", ఆ "కొట్టుకాడ" విని పల్లెటూరి మొద్దనుకుని నవ్వారనుకున్నాను. రెండో బహుమతి ఇస్తే జాలిపడి ఇచ్చారనుకున్నాను. హెడ్మాస్టర్ "బాగా చెప్పావమ్మా" అంటే ఓదార్పు అనుకున్నాను. మర్నాటి నుంచి నేను కాగితం లేకుండా వేదికెక్కలేదు. ముప్పై ఏడేళ్లు నీరజా. పెళ్లికి పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నా, చావుకు వెళ్లి నాలుగు మాటలు చెప్పమన్నా, బ్యాగులో కాగితం ఉండాల్సిందే. అచ్చు పుస్తకంలో ఉండే మాటలు, ఒక్కటి కూడా మన ఇంటిది కాదు.

నీ మాట చదివి ముందు నీ మీదే కోపమొచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లకేం తెలుసు ఎందుకు నవ్వారో అనుకున్నాను. తర్వాత వాదించుకున్నాను, నాతో నేనే. నీ మాటలు పల్లెటూరివి అని నాతో ఎవరన్నారు? పేరు చెప్పు కుసుమా. ఒక్క పేరు చెప్పు. మాస్టార్లా? అనలేదు. నాన్నా? ఆయన ఆ బర్రె మాట ఊరంతా చెప్పుకుని తిరిగాడు. కాలేజీలోనా? కాలేజీలో చేరేసరికే నేను నోటికి తాళం వేసుకుని వచ్చాను, వాళ్లకు ఆ అవకాశమే రాలేదు. జోకు వేస్తే జనం నవ్వారు. అది నాకు అర్థం కాలేదు. అంతకు మించి ఏమీ జరగలేదు. "ఈ సమాజం మా నోళ్లు నొక్కేసింది" అని నేను వందల సభల్లో చదివిన వాక్యంలో, మిగతా ఆడవాళ్ల సంగతి నిజం, నా ఒక్కదాని సంగతే అబద్ధం.

ఈ మాట పట్టుకుని ఏ మగవాడైనా "చూశారా, అడ్డమంతా మీ బుర్రల్లోనే ఉంది" అంటే ఊరుకోను. నోరు తెరిచినందుకు దెబ్బలు తిన్నవాళ్లను నేను చూశాను, ఆసుపత్రికి మోసుకెళ్లాను. వాళ్ల సంకెళ్లు వేరు. నావి నేను చేయించుకుని, రోజూ పొద్దున్నే తొడుక్కుని, ఎవరో వేశారని వాళ్ల పక్కన నిలబడి ఏడ్చాను. అది వాళ్లకు కూడా అవమానమే.

ఇక తప్పించుకోవడానికి నాకు వేరే కబుర్లు మిగల్లేదు.

మస్తాన్‌రావు వద్దనలేదు. కమిటీకి ఫోన్ చేసింది నేను.

గురజాల నుంచి వచ్చిన మూడో రోజు, ఎరువుల కొట్టు సుధీర్ బాబుకు చేశాను. అతనే కదా కమిటీ కార్యదర్శి. "మా చెల్లెలి ఇంట్లో గొడవలవుతున్నాయి, మస్తాన్‌రావుకు ఇష్టం లేదు, మీరు పిలవడం వల్ల దాని కాపురం పాడవుతుంది, నా పేరు బయటికి రానివ్వకండి" అన్నాను. ఆ మాటలు కూడా కాగితం మీద రాసుకుని చదివాను. అతను ఒక్క ప్రశ్న వేయలేదు. మొగుడు వద్దన్నాడంటే ఈ ఊళ్లో ఎవరైనా వెంటనే నమ్ముతారని నాకు తెలుసు. నువ్వూ నమ్మావు. ముప్పై ఏళ్లుగా మొగుళ్ల పెత్తనం మీద ఉపన్యాసాలిచ్చిన మనిషిని, లేని పెత్తనాన్ని ఒకటి పుట్టించి, నీకు ఎద్దుల బండి తోలడం నేర్పిన మనిషి నెత్తిన రుద్దాను. "నువ్వు చెప్పేదే నిజమక్కా, మొగోళ్లంతా ఒకటే" అని నాకే రాశావు. నా దగ్గరికే వచ్చి ఏడ్చావు. నా అబద్ధానికి నువ్వే సాక్ష్యం పలికావు.

నిన్న సుధీర్ బాబు కొట్టుకు వెళ్లాను. లోపల బస్తాల మీద పదిమంది దాకా కూర్చుని పోస్టరులో ఎవరి ఫోటో పెద్దదుండాలని కొట్లాడుకుంటున్నారు. నేను బ్యాగులోంచి కాగితం తీశాను. మూడు పేజీలు. సుధీర్ బాబు చూసి, "అమ్మో, ఉపన్యాసమా మేడం? కాగితం లోపల పెట్టండి, ఇక్కడున్నది అందరం మనోళ్లమే, మామూలుగా చెప్పండి" అన్నాడు. మామూలుగా ఎలా చెప్పాలో నాకు తెలియదని అతనికేం తెలుసు? కాగితం మడిచాను. తలుపు పట్టుకున్నాను.

"ఆ రోజు నేను ఫోన్లో చెప్పింది అబద్ధం. మస్తాన్‌రావు ఒక్క మాట అనలా. మా చెల్లెలికి పేరొస్తుంటే నాకు కడుపు మండింది. అందుకని చేశా."

మూల కూర్చున్న పెద్దాయన చుట్ట తీసి, "ఇంత చదువుకున్నోళ్లకి కూడా మండుద్దా అమ్మా కడుపు?" అన్నాడు.

"చదువుకున్నోళ్లకే ఎక్కువ మండుద్ది బాబాయ్. మీకైతే మంటంటారు. మాకైతే దానికి పది పేర్లు తెలుసు, ఏది కావాలంటే అది తగిలించుకుంటాం" అన్నాను.

నవ్వారు. ఒకతను బస్తా మీద నుంచి జారాడు. నాకు చెవుల్లో ఆనాటి మాచర్ల బడి హాలంతా మోగింది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. బయటికి ఒక కాలు కూడా పెట్టాను. కానీ వాళ్ల ముఖాలు చూశాను. నా భాషను చూసి నవ్వుతున్న ముఖాలు కావవి. మాట బాగుందని నవ్వుతున్నారు, అంతే. పెద్దాయన పక్కకు జరిగి, "కూర్చో అమ్మా" అన్నాడు. కూర్చున్నాను. ఇంకా ఏదో చాలా మాట్లాడాను. సగం తడబడ్డాను, ఒకచోట మాట దొరక్క "అదేందది, అదేందది" అంటూ ఆగిపోయాను. ఎవరికీ పట్టలేదు.

"మరి ఇప్పుడామె పేరు వెయ్యండి" అన్నాను చివరికి.

సుధీర్ బాబు తల అడ్డంగా ఊపాడు. "మీ మాట మీద ఒకసారి నడిచి చూశాంగా మేడం. ఆమె మొన్నే ఫోన్ చేసి ఇంక ఎక్కడా చెప్పనంది. పోస్టరు మంగళవారం ప్రెస్సుకి పోద్ది. ఆమె నోటితో ఆమె వస్తానంటే పేరేస్తాం. మీరు చెప్తే మాత్రం వెయ్యం." సరిగ్గానే అన్నాడు. అతని స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

ఇదంతా చదివి అక్క మారిపోయిందని అనుకోవద్దు. ఇవాళ పొద్దున దీప్తి ఫోన్ మోగి నీ గొంతు వినపడగానే మళ్లీ అదే మంట. నువ్వు వచ్చి ఆ మైదానంలో నోరు తెరిస్తే మళ్లీ మండుతుందని తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు మైకు మానేస్తే నా మంట చల్లారుతుందని ఒకప్పుడు అనుకున్నాను. ఈ పదకొండు రోజులూ నువ్వు మానేసే ఉన్నావు. చల్లారలేదు. నువ్వు లేని మైదానంలో కూడా నేను కాగితం పట్టుకునే నిలబడి ఉన్నాను.

కాబట్టి వాదన ఆపి, కావాల్సినవి రాస్తున్నాను. బేరాలు లేవు.

ఒకటి. ఈ ఉత్తరం మస్తాన్‌రావు చేతికి ఇవ్వాలి. ముక్కలు చదివి వినిపించడం కాదు, మొత్తం ఇవ్వాలి. ఇది అందిన పూటే అతనితో కూర్చుని అన్నం తినాలి.

రెండు. సోమవారం సాయంత్రం లోపు సుధీర్ బాబుకు నువ్వే ఫోన్ చేయాలి. వస్తానంటావో రానంటావో నీ ఇష్టం, కానీ ఆ మాట నా అబద్ధం మీద ఆధారపడి చెప్పకూడదు.

మూడు. వస్తానంటే, పోస్టరు మీద నీ పేరు నీ పేరుగానే ఉండాలి. ఫలానా వారి భార్య, ఫలానా వారి చెల్లెలు అని వేస్తే ఒప్పుకోకూడదు.

నాలుగు. ఎద్దును కొట్టేవాడిని ఇప్పటిలాగే అందరి ముందూ తిట్టాలి. పందేల మీద నా వాదం నాకుంది, నువ్వు ఈ ఒక్కటి విడవకు.

ఐదు. పందేల రోజు ఒక్క జతకు మైకు నాకివ్వాలి. బాగా రాకపోతే జాలిపడకుండా లాక్కోవాలి.

ఆరు. దీనికి జవాబు రాస్తే అందులో "పోనీలే అక్కా" అనే మాట ఉండకూడదు.

ఇట్లు,
కుళ్లు తగ్గని, తప్పు ఒప్పుకున్న
మీ అక్క,
కుసుమ